దిండిగల్లు సీమలో బహువార్షిక పుష్పజాతులు

ఒకమారు నాటినంతనే ఏండ్ల తరబడి బ్రతికి, ఋతువు వచ్చినపుడెల్ల పూచి, ఋతువు గడచిన పిమ్మట ఆకులు రాలినను, కొమ్మలు వాడినను, కడకు నేలపైనున్న భాగమంతయు ఎండిపోయినను, దుబ్బునందో గడ్డయందో వేరునందో ప్రాణమును దాచుకొని మరల చిగిర్చు మొక్కలకు బహువార్షికములని పేరు. ఒక్క యేటిలోనే మొలచి, పూచి, గింజలిచ్చి చచ్చునవి ఏకవార్షికములు. మొదటి యేట ఆకులు మాత్రము పెట్టి, రెండవ యేట పూచి నశించునవి ద్వివార్షికములు. బహువార్షికములలో ప్రతికూలమగు ఋతువునకు ఓర్చుకొని, పైకప్పును గాని విశేషోపచారమును గాని కోరక ఆరుబయట నిలువగలవానిని ఉద్యానశాస్త్రజ్ఞులు దృఢజాతులందురు. ఆ ప్రతికూల ఋతువు ఏది యను ప్రశ్నకు మాత్రము దేశమునుబట్టి ప్రత్యుత్తరము మారుచుండును.

ఐరోపాఖండమున, అందును ఇంగ్లండు తోటమాలుల పరిభాషలో, నేల గడ్డకట్టు శీతమునకు ఓర్చునదే దృఢజాతి. వారి గ్రంథములను చదివి, అందలి పట్టికలను నమ్మి, దిండిగల్లు మైదానమున అవే విత్తులు చల్లినవానికి దక్కునది ఆశాభంగమే. ఏలయన నిచ్చట మొక్కను చంపునది ఫాల్గుణము చివరనుండి జ్యేష్ఠము దాటువరకు ఎడతెగక కాయు ఎండ, అడుగంటిన బావి, రాత్రులందును చల్లారని నేల. ఐరోపా హేమంతమును లెక్కసేయని ఘంటాపుష్పము ఈ వేసవికి తాళలేదు. ఈ వేసవిలోనే విరగబూయు మల్లె అచ్చటి చలికి మొదలంట చచ్చును. మొక్కకును చోటునకును గల పొత్తునకే దృఢత్వమని పేరు పెట్టవలెను. ఆ పొత్తు ఎంత సూక్ష్మమైనదో దిండిగల్లు సీమయందు తెలిసినంత స్పష్టముగా తెలియు తావులు దక్షిణదేశమున అరుదు. రెండు భిన్నదేశములు ఇచ్చట ఒకదానిపై నొకటి పేర్చినట్లున్నవి.

దేశస్వరూపము

1985వ సంవత్సరమున మదురై జిల్లానుండి వేరుపడిన దిండిగల్లు జిల్లాలో దిండిగల్లు పట్టణము సముద్రమట్టమునకు 300 మీటర్లకు లోబడిన ఎత్తున, ఒక బోడి రాతికొండ పాదమున వెలసినది. అదే జిల్లాలో పళని కొండలపైనున్న కొడైకెనాలు 2,100 మీటర్లకు పైబడిన యెత్తున నున్నది. వేయి మీటర్లు ఎక్కిన కొలది వాయువు ఆరేడు డిగ్రీలు చల్లబడు సామాన్యన్యాయము చొప్పున ఈ రెండు తావులకును పండ్రెండు డిగ్రీల సెల్సియస్ భేదము ఏర్పడుచున్నది. క్రింద వేసవిలో 38 డిగ్రీలు దాటుట వింత కాదు. పైన పగటివేడిమి 20 డిగ్రీల చుట్టును తిరుగును, మార్గశిర పుష్యమాసములందు రాత్రులు 8 డిగ్రీలకు దిగి, పల్లపు గడ్డినేలలపై మంచు పేరుకొనుటయు కలదు. మైదానమున ఎర్రనేల, దాని క్రింద గట్టి రాయి, ఈశాన్య ఋతుపవనము కురిసినపుడు నిండు బావులు. కొండపైన నైరుతి, ఈశాన్య ఋతుపవనములు రెండును తడుపు నల్లని ఆమ్లమృత్తిక. ఉదయమున బస్సెక్కి వత్తలగుండు మీదుగా కనుమదారిని పోవువాడు మల్లెతోటల నడుమ బయలుదేరి, మధ్యాహ్న భోజనమునకు హైడ్రాంజియా పొదల నడుమ దిగును.

ప్రాచీన ద్రావిడ కవులు నేలను ఐదు తిణైలుగా విభజించి ఒక్కొక్క దానికి అచ్చట పూచు పువ్వు పేరు పెట్టిరి: కొండసీమకు కురింజి, అడవిసీమకు ముల్లై. ఈ ముల్లైయే మన మొల్ల. మన రామాయణ కవయిత్రి పేరునందున్న పువ్వును ఇదియే. పువ్వునుబట్టి నేలను గుర్తించిన ఆ పూర్వుల పద్ధతి నేటి ఉష్ణమండల పటములకంటె తోటమాలికి నెక్కువ ఉపకరించునని చెప్పుట అతిశయోక్తి కాదు. కురింజియు ముల్లైయు ఒకే జిల్లాలో, ఒకే దినమున చూడదగినవై యున్నవి.

తెలుగువారును పూదోటలును

1529వ సంవత్సర ప్రాంతమున విజయనగర సామ్రాజ్య ప్రతినిధిగా మదురైకి వచ్చిన విశ్వనాథ నాయకుడు దేశమును డెబ్బదిరెండు పాళెములుగా విభజించినప్పటినుండి ఈ సీమలో తెలుగువారి వసతులు దట్టమైనవి. దిండిగల్లు కొండమీది దుర్గము 1605వ సంవత్సరమున ముద్దుకృష్ణప్ప నాయకుని కాలమున లేచినది. విరూపాక్షి, కన్నివాడి, అమ్మయనాయకనూరు మున్నగు పాళెములు తెలుగు నాయకుల యేలుబడిలో నుండెడివి. నేడు కొడైకెనాలు పోవు యాత్రికులు రైలు దిగు కొడైరోడ్డు స్టేషను ఆ అమ్మయనాయకనూరుననే యున్నది. పాళెగాండ్ర వెంటను, వారి యనంతరమును వచ్చిన కమ్మవారు, బలిజలు, రాజకంబళ నాయకులు, రెడ్లు మెట్టపొలములలో బావులు త్రవ్వి, కపిల తోలి, చెమట నోడ్చి సేద్యము చేసిరి. ఇంట తెలుగు, అంగడిలో తమిళము పలుకు ఆ కుటుంబముల సంతతి నేటికిని ఆ పొలములందున్నది.

పూదోట తెలుగువారికి ఇచ్చట వినోదముగా గాక కైంకర్యముగా మొదలైనది. దేవాలయమునకు నిత్యము మాలలు కావలెను. మాలలకు నందనవనము కావలెను. నందనవనమునకు ఏడాది పొడుగునను ఏదో యొకటి పూచుచుండవలెను. మాలలు కట్టుట, పూదోటలు పెంచుట కులవృత్తిగా గల సాతాను లీ సేవలో వాసికెక్కినవారు. శ్రీకృష్ణదేవరాయలు తన ఆముక్తమాల్యదకు కథానాయకునిగా రాజును గాక, ఈ మదురై సీమకు చేరువనే యున్న శ్రీవిల్లిపుత్తూరులో తులసివనమును పెంచి మాలలు కట్టిన విష్ణుచిత్తుని ఎన్నుకొనుట తెలుగు సాహిత్యమున తోటమాలికి దక్కిన అత్యున్నత గౌరవము. బహువార్షికములకే నందనవనమున నగ్రపీఠము దక్కుటకు కారణము సులభగ్రాహ్యము: స్వామికి రేపటి పువ్వు తప్పరాదు, ఏటేట విత్తు జల్లి మొలకకై యెదురుచూచు తోటమాలి రేపటికి హామీ యీయలేడు.

మైదానపు దృఢజాతులు

వీనిలో మల్లెది ప్రథమస్థానము. శాస్త్రజ్ఞులు జాస్మినం సాంబక్ అను ఈ జాతి గుండుమల్లె యను పేర నిలకోట్టై ప్రాంతమున విరివిగా పండి, అచ్చటి పూలసంతకును దిండిగల్లు పూలబజారుకును తెల్లవారకముందే చేరును. మదురై మల్లి యను పేరునకు 2013వ సంవత్సరమున భౌగోళిక గుర్తింపు లభించినది. మదురైతోపాటు దిండిగల్లు మొదలైన పొరుగు జిల్లాల మల్లెయు ఆ పేరుననే చెల్లుచున్నది. రేకు దళసరిగా నుండుటయు, మొగ్గ క్రింది కాడ పొడవై మాల కట్టుటకు అనువుగా నుండుటయు, కోసిన పిమ్మట త్వరగా వాడకుండుటయు దీని విశిష్టత. ఈ తోటలకు వలయు వేరు పట్టిన కొమ్మలు చాలవరకు రామేశ్వరము చెంతనున్న తంగచ్చిమడమునుండి వచ్చును. సముద్రతీరపు ఇసుకనేలలో సులభముగా వేరూని, ఎర్రనేలలో నాటినపుడు సువాసనను నింపుకొనుట ఈ తీగ చేయు చిత్రము.

జూన్ మొదలు నవంబరు వరకు ఎప్పుడైనను, అడుగు లోతు, అడుగు వెడల్పు గుంతలలో, చివికిన పశువుల ఎరువు పదేసి కిలోలు వేసి, మొక్కకు మొక్కకు నాలుగడుగుల యెడముండునట్లు నాటుదురు. అటుపై పదిపండ్రెండేండ్లు ఆ తోట ఫలించును. మల్లెసాగులోని మర్మమంతయు కత్తిరింపునందున్నది. నవంబరు చివరివారమున పొదను నేలకు మూరెడెత్తున నిలిపి తక్కినదంతయు నిర్దాక్షిణ్యముగా నరికివేయవలెను. ఎండుకొమ్మలు, రోగపు కొమ్మలు తీసి, ఆకు దూసి, ఎరువు పెట్టి, కొంతకాలము నీరు తగ్గింపవలెను. క్రొత్తగా చూచువారికి ఇది తోటను పాడుచేయుటవలె తోచును. కాని మల్లె మొగ్గ తొడుగునది లేత కొమ్మల కొనలయందే గాన, ముదురుకొమ్మపై మమకారము చూపినవాడు పువ్వు నెరుగడు. ఐరోపాలో మంచు చేయు పనిని, అనగా మొక్కను నిద్రపుచ్చి మరల లేపుటను, ఇచ్చట తోటమాలి తన కత్తితో చేయుచున్నాడు. ఫాల్గుణమున చిగిర్చి, చైత్రమునుండి ఆషాఢము వరకు పువ్వు ఉప్పెనగా వచ్చును. ఆ దినములలో సూర్యోదయమునకు ముందే, విచ్చుటకు సిద్ధమై యింకను విచ్చని మొగ్గను ఏరుదురు; తెల్లవారిన పిమ్మట కోసిన మొగ్గ సాయంకాలమునకు వాసన చాలించుకొనును. మొగ్గతొలుచు పురుగు, ఎర్రనల్లి దీని ప్రధానశత్రువులు. పెండ్లిండ్లు లేని మాసములలో పూల ధర కోతకూలికిని చాలక పోవుట మొక్క దోషము కాకున్నను, దాని గూర్చి వ్రాయువాడు మరువరాని సత్యము.

జాజి, మొల్లలు మల్లెకు తోబుట్టువులు. జాజి అత్తరు కర్మాగారములకు ముఖ్యముగా పోవును. మొల్ల చిన్నపువ్వైనను, మూరల లెక్కన అమ్ము మాలలలో దాని పొందిక మరొకదానికి రాదు.

కనకాంబరము వాసన లేని పువ్వు. అయినను తన వన్నెచేతను, తేలికదనముచేతను, రెండుమూడు దినములు వాడని గుణముచేతను స్త్రీల కొప్పులలో మల్లెకు సహచారిణి యైనది. దీని ఎండిన కాయపై నీటిబొట్టు పడగానే ఫెటిలున ప్రేలి గింజలను దూరముగా చిమ్మును. పల్లెపిల్లలకు ఇది ఆట, మొక్కకు వంశవ్యాప్తి. ఢిల్లీ కనకాంబరమని పిలువబడు రకము త్రిగుణిత మగుటచే గింజ కట్టదు. కొమ్మలు నాటియే దానిని వ్యాపింపజేయవలెను. పాక్షికమైన నీడ దీనికి హితము. వేళ్లను పట్టు నులిపురుగులవలన ఎండుతెగులు వచ్చును గాన ఒకే మడిలో మరల మరల నాటరాదు.

మెక్సికో దేశమునుండి వచ్చి మన నేలసంపెంగ యైన మొక్క గడ్డలలో జీవము దాచుకొనును. ఒకమారు నాటిన మూడేండ్లు పూచును. గన్నేరు, పచ్చగన్నేరు అసలు నీరు లేని గట్టుమీదను నిలుచును, మేకలును వానిని ముట్టవు. రెండును మిక్కిలి విషపూరితములు గాన పిల్లలు తిరుగు పెరటిలో వానికి చోటీయకుండుట మేలు. ఘంటాకారపు పువ్వునే కోరువారు పచ్చగన్నేరును, పొలము గట్టున తానై మొలచు తుత్తురుబెండను చూచి తృప్తి పడవచ్చును. శంఖుపువ్వు, మరువము, నిత్యమల్లె పెరటికి చాలినవి. వీనికి విశేషవిధి యేమియు లేదు.

కొండమీది విదేశజాతులు, ఘంటాపుష్పములు

1845వ సంవత్సరమున అమెరికను మిషనరీలు కొడైకెనాలున ఇండ్లు కట్టుకొన్న పిమ్మట, 1863లో మదురై కలెక్టరు లెవింజి వాగునకు కట్ట వేసి సరస్సును నిర్మించిన పిమ్మట, తమ స్వదేశపు పువ్వులను చూడగోరిన ఆంగ్లేయులు విత్తులను, గడ్డలను ఓడలలో తెప్పించి నాటిరి. 1908లో అటవీశాఖాధికారి బ్రయంటు రూపకల్పన చేసిన 20 ఎకరముల ఉద్యానము నేటికిని ఆయన పేరుననే సరస్సు తూర్పున నున్నది. ప్రతి వేసవిలో పుష్పప్రదర్శనము అచ్చటనే జరుగును.

ఆ విదేశజాతుల జాబితాను నూరేండ్ల అనుభవము వడగట్టినది. ఇచ్చట స్థిరపడినవి ఇంగ్లండు పువ్వులకంటె ఎక్కువగా దక్షిణాఫ్రికా అగపాంథసు, ఆరం లిల్లీ, జిరేనియము, మెక్సికో పీఠభూమి డాలియా, ఆండీసు పర్వతముల ఫ్యూషియా, తలక్రిందులైన తెల్లని బూరలవంటి పూలుగల బ్రుగ్మాన్సియా, జపాను హైడ్రాంజియా. వీనిలో హెచ్చుభాగము ఉష్ణమండలపు ఎత్తునేలలనుండియో, తీవ్రమైన హిమమెరుగని తావులనుండియో వచ్చినవి గాన కొడైకెనాలు వానికి పుట్టినింటివలెనే తోచును. ఆరం లిల్లీ వాగుల వెంట తనంతట తాను వ్యాపించుట అందరును చూచునదే.

ఘంటాపుష్పముల కథ వేరు. లాటిను భాషలో గంట యను నర్థమిచ్చు పదమునుండి పుట్టిన కాంపానులా యను ప్రజాతినామమును 1753లో లిన్నేయసు స్థిరపరచెను. నాలుగువందలకు పైబడిన జాతులు ఇందున్నవి. మధ్యధరా తీరమునుండి కాకససు పర్వతముల వరకు గల నేల వీనికి ప్రధాననివాసము. ఆకు త్రుంచిన పాలు కారును. మొగ్గ విచ్చకముందే కేసరములు పుప్పొడిని కీలముపై నున్న నూగునకు పూసి తాము వాడిపోవును. తేనెటీగలు దానిని మోసికొనిపోయిన పిమ్మట గాని కీలాగ్రము విచ్చుకొని పరాగమును స్వీకరింపదు. ఒకే పువ్వు మొదట పురుషుడై, అటుపై స్త్రీయై ప్రవర్తించు ఈ యేర్పాటు స్వపరాగమును తప్పించుకొను ఉపాయము. తోటలలో పెంచువానిలో మూడడుగుల కాడకు నీలపు గిన్నెలు వ్రేలాడు పెర్సిసిఫోలియా, కార్పాతియను కొండల పొట్టిజాతి కార్పాటికా, ద్వివార్షికమగు కాంటర్బరీ గంట ముఖ్యములు. రాపున్‌కులాయిడీసు అను జాతి మాత్రము వేరు తునకతోనే యెల్ల మళ్లను ఆక్రమించును. దానిని ఎవరిచ్చినను పుచ్చుకొనరాదు.

ఇవి పూచుటకు రెండు సంకేతములు వలయును: మొదట చలి, పిదప దీర్ఘమైన పగలు. కాంటర్బరీ గంట పదియాకులైనను పెట్టని ప్రాయములో నున్నపుడు చలి తగిలినను తగలనట్లే. ఎదిగిన పిమ్మట రెండు నెలలు చలి సోకవలెను. కార్పాటికా సుమారు 14 గంటలకు మించిన పగలు లేనిదే సరిగా మొగ్గ తొడుగదు. కొడైకెనాలు చలి నీయగలదు. పగటిని పొడిగింపజాలదు, ఉత్తర అక్షాంశము 10 డిగ్రీల చెంత నున్న యీ తావున ఏడాదిలో అతిదీర్ఘమైన పగలు 12 గంటల 43 నిమిషములు, అతిహ్రస్వమైనది 11 గంటల 32 నిమిషములు. లండనులో వేసవి పగలు 16 గంటలు దాటును. శీతలవాయువును చూచి ఇంగ్లండని భ్రమించిన వలసవాసులు సూర్యుని గణింప మరచిరి. ఆకులు పచ్చగా గుబురుకట్టి, ఏండ్లు గడచినను పూవు రాని ఘంటాపుష్పపు దుబ్బులకు కారణము ఎరువులోగాని నీటిలోగాని వెదకుట వ్యర్థము.

అయినను ఆశ వదలుకొన నక్కరలేదు. ఈ కొండపై వీనిని చిరకాలపు మొక్కలుగా గాక ద్వివార్షికములుగా భావించి పెంచుట యుక్తము. విత్తులు గసగసాలకంటె సన్ననివి; వెలుతురు సోకనిదే మొలవవు గాన పైన మన్ను కప్పరాదు, తడిమన్నుపై చల్లి అరచేత అదిమిన చాలును. జూలై, ఆగస్టు నెలలలో కప్పుగల నారుమడిలో విత్తిన రెండుమూడు వారములకు మొలచును. ఈశాన్య వర్షముల ఉద్ధృతి తగ్గినపుడు నాటినచో హేమంతమునకు మొక్క యుక్తవయస్సున నుండి చలిని గ్రహించి, పిదప దీపములతో పగలు పొడిగించినచో చైత్ర వైశాఖములందు పూవునకు వచ్చును. కొండనేల పులుపు వీనికి గిట్టదు. మడికి సున్నము కలిపి, చివికిన ఆకుమన్ను వేసి, నీరు నిలువకుండ మడి నెత్తుగా కట్టవలెను. చిప్పలేని నత్తలు ఒక్క రాత్రిలో మడినంతయు మేయగలవు. లాంతరు పట్టుకొని ఏరివేయుటకు మించిన మందు లేదు. చామంతి రైతులు రాత్రివేళ విద్యుద్దీపములు వెలిగించి పూతను అదుపుచేయు పద్ధతియే యిచ్చటను పనికివచ్చును: నడిరేయి నాలుగు గంటల వెలుతురు మొక్కకు దీర్ఘమైన పగలుగానే తోచును. చాంపియను అను నవీనరకమునకు చలి యక్కరలేదు, వెలుతురు మాత్రము చాలును. దుబ్బు బ్రతికియున్న యెడల పూత ముగిసిన పిమ్మట చీల్చి పిలకలను వేరుచేసి నాటవచ్చును.

స్వదేశపు గంటలు

సుదూరమునుండి తెచ్చిన గంటలకై యింత శ్రమపడు తోటమాలి, తన యింటి వెనుక గడ్డిమైదానమున ఆ కుటుంబమువే అయిన మొక్కలు ఎవరును పెంచకయే పూచుచుండుట గమనింపకపోవుట మిక్కిలి శోచనీయము. గడ్డిలో దాగిన చిన్ని నీలిగంటల వాలెన్‌బర్గియా, నీలిపూల కంకిగల అసైన్యూమా, మనిషికంటె ఎత్తుగా లేచు అడవిపొగాకు, ఈ మూడును పళని కొండలవే. మదరాసు ప్రెసిడెన్సీ కళాశాల ఆచార్యుడు ఫైసను 1915లో ప్రకటించిన నీలగిరి, పళని కొండల శిఖరసస్యసంపుటి తరువాత, షెంబగనూరులోని జెస్యూటు పాదరీలు దశాబ్దముల తరబడి ఈ సస్యసంపదను సేకరించి, చిత్రించి భద్రపరచిరి. అందలి జాతులను మళ్లలో దింపిన ఉద్యానములు మాత్రము స్వల్పము.

వీనికంటె గొప్పది కురింజి. గంటరూపపు ఊదాపువ్వులు గల ఈ పొద పదునొకండేండ్లు ఆకులతో మాత్రము బ్రతికి, పండ్రెండవ యేట కొండలన్నియు నొక్కమారుగా పూచి, గింజ రాల్చి చచ్చును. బహువార్షికమను పదమునకు మనమిచ్చిన నిర్వచనము దీనియెడ సగమే సరిపడును: ఇది యేండ్ల తరబడి బ్రతుకును గాని, ఒక్కమారే పూచును. కొడైకెనాలున 1936లో వెలసిన కురింజి ఆండవరు గుడిలోని మురుగనికి ఈ పువ్వు పేరే యింటిపేరు. తోటలో పెంచవలసిన మొక్క ఇది కాదు. దాని గడ్డినేలను దానికి విడిచిపెట్టుటయే దానిని పెంచుట. ఆ నేలను వలసవారు తెచ్చిన వాటిల్ చెట్లును, పసుపుపూల ముళ్లపొద గోర్సును ఇప్పటికే చాల మేరకు మ్రింగివేసినవి. ఇవియు ఒకనాడు దృఢజాతులని మెచ్చుకొని తెచ్చినవే. కావున ఈ కొండపై తోట వేయువారు పరదేశపు మొక్క నొకదానిని నాటుటకు ముందు, అది కంచె దాటి పోవునా యని విచారించుకొందురుగాక. కంచె దాటు స్వభావము గలదానిని, ఎంత అందమైన దైనను, నాటకుందురుగాక. కురింజి 1994, 2006, 2018 సంవత్సరములందు పూచినది. మరల పూయవలసిన సంవత్సరము 2030.